అక్క పెట్టిన పేర్లు

తెల్లవారేసరికి సైకిళ్లన్నీ వసారాలో వరసగా నిలబెట్టి, ఒక్కో చక్రాన్నీ బొటనవేలితో నొక్కి చూడటం గైడుకి అలవాటు. గాలి కొట్టాలో అక్కర్లేదో ఆ వేలికే తెలుసు. పాతికేళ్లు సైకిల్ షాపు నడిపిన వేలది. ఊళ్లో ఇంటింటికీ మోటారు సైకిళ్లు వచ్చాక మామూలు సైకిల్ పిల్లలు నాలుగు రోజులు తొక్కి గోడకి ఆనించేసే వస్తువైపోయింది. షాపు షట్టరు దించేసిన ఆర్నెల్లకు, సముద్రం ఒడ్డున బస నడిపే మేడమ్ కబురు పెట్టింది. “మా దగ్గర దిగేవాళ్లకి పొద్దునపూట చుట్టుపక్కల ఊళ్లు తిప్పి చూపించే మనిషి కావాలి. సైకిళ్లు నేను కొంటాను. నువ్వు బాగుచేసుకుంటూ తిప్పగలవా?” అంది. నలభై ఐదేళ్ల వయసులో అతను అలా గైడయ్యాడు.

మొదట్లో ఏం చూపించాలో తెలియక పడవలు కట్టే చోటూ, వలలు బాగుచేసే షెడ్డూ, పాత లైట్‌హౌసూ చూపించేవాడు. వచ్చినవాళ్లు మర్యాదకి తలాడించి ఆవలింతలు దాచుకునేవారు. ఒకరోజు ఎవరో, “ఆ పిట్టేంటి, అలా అటూ ఇటూ పరిగెడుతోంది?” అని అడిగారు. ఆలోచించకుండానే అతని నోట్లోంచి వచ్చేసింది.

“అది తడవనమ్మండీ. అల వెనక్కెళ్తే వెంటపడుతుంది, అల ముందుకొస్తే పారిపోతుంది. కాళ్లు తడిస్తే ఇంట్లో తిడతారని దాని భయం. మేం తడవనమ్మ అంటాం.”

అందరూ పకపకా నవ్వారు. ఒకామె పుస్తకం తీసి పేరు రాసుకుంది. అంతే, దారి దొరికింది. ఒంటికాలి మీద కదలకుండా నిలబడే బూడిదరంగు కొంగ ‘హెడ్‌మాస్టరు’. మునిగి లేచి, రెక్కలు చాపి ఎండలో ఆరబెట్టుకునేది ‘బట్టలారేసే బాబాయి’. నాలుగడుగులు పరిగెత్తి, ఎందుకొచ్చానా అన్నట్టు ఆగి, మళ్లీ పరిగెత్తేది ‘మతిమరుపు పిట్ట’. మనిషి నీడ కనపడితే చాలు ఊరంతా వినపడేలా అరిచి గోల చేసేది ‘చాడీల పిన్ని’. పొడవాటి వంకర ముక్కుది ‘వంకర సూది’. సన్నటి ఎర్రని కాళ్లది ‘ఎర్ర మేజోళ్లు’.

మేడమ్ ఒక పక్షుల పుస్తకం, మెడలో వేసుకునే బైనాక్యులరూ కొనిచ్చింది. అతను ఆ పుస్తకాన్ని పరీక్షకి చదివినట్టు చదివి, అసలు పేర్లు కూడా నేర్చుకున్నాడు. కానీ వచ్చినవాళ్లు వెంట పట్టుకెళ్లింది మాత్రం తడవనమ్మనీ బాబాయినీ.

ఎంత చక్కని పేర్లు, ఎవరు పెట్టారు అని అడిగేవారు. మొదటి ఏడాది నవ్వి ఊరుకునేవాడు. రెండో ఏడాది ‘మేం అంటాం’ అన్నది కాస్తా ‘నేనంటాను’ అయింది. ఎప్పుడు, ఏ రోజు మారిందో అతనికే గుర్తులేదు. మూడో ఏడాదికి దానికో కథ కూడా తయారైంది. చిన్నప్పుడు ఒంటరిగా ఈ బురదలో తిరుగుతూ, పిట్టల్ని చూస్తూ, తనకు తానే పేర్లు పెట్టుకున్నాడట. మేడమ్ దాన్ని కరపత్రంలో అచ్చువేయించింది: ‘ఎవరి దగ్గరా నేర్చుకోకుండా పక్షుల్ని చదివిన మనిషి.’ పక్కన టోపీ పెట్టుకున్న అతని ఫొటో.

అసలు సంగతి వేరు. తండ్రి నెలల తరబడి పెద్ద పడవల మీద ఉండేవాడు. తల్లి చీకటితోనే చేపలు శుభ్రం చేసే షెడ్డుకి వెళ్లిపోయేది. అతన్ని పెంచింది అక్క. అక్కకి అప్పటికి పద్నాలుగేళ్లు, వాడికి రెండు. వాణ్ణి చంకనేసుకుని ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడు తేలే బురదలోకి, తినే గుల్లలు ఏరడానికి వెళ్లేది. గట్టు మీద కూర్చోబెడితే ఏడుస్తాడు, దింపితే బురద తింటాడు. ఊరుకోబెట్టడానికి కనపడిన ప్రతి పిట్టకీ ఒక పేరూ, ఒక కథా కల్పించేది. వాడు నవ్వితే ఆ పేరు ఖాయం. నవ్వకపోతే ఇంకోటి.

అక్క ఇప్పటికీ ఆ బురదలోనే గుల్లలు ఏరుతుంది. అరవై దాటాయి. మోకాళ్లు వాచి ఉంటాయి. సైకిళ్ల దారి ఆ గట్టు మీదుగానే కాబట్టి, గైడు మనుషుల్ని తీసుకుని వచ్చినప్పుడల్లా దూరం నుంచి చెయ్యెత్తేది. అతను తల కొంచెం వంచేవాడు. వెనక ఉన్నవాళ్లకి అది పలకరింపో, ఎండకి టోపీ సర్దుకోవడమో తెలిసేది కాదు.

ఆ రోజు ఆరుగురు వచ్చారు. అందులో ఒకాయన దగ్గర మోచేతి పొడవు లెన్సున్న కెమెరా ఉంది. పుస్తకాలు బాగా చదివిన మనిషి, గైడు చెప్పిన ప్రతిదానికీ ఒక ఉపప్రశ్న వేస్తున్నాడు. ఇంకొకామె నర్సుగా పనిచేసి రిటైరైంది. మెల్లగా తొక్కుతూ, అందరికన్నా వెనక, ఎవరినీ ఏమీ అడగకుండా వస్తోంది.

గట్టు దగ్గరకొచ్చేసరికి నీళ్లు బాగా తీసి ఉన్నాయి. బురద మీద పిట్టలు వందల్లో వాలి ఉన్నాయి. గైడు సైకిల్ దిగి, చెయ్యి చాపాడు.

“అటు చూడండి. ఆ గోధుమరంగుది, ముక్కు కిందికి వంగి ఉంది కదా, నేను దాన్ని వంకర సూది అంటాను. బురదని కుట్టుకుంటూ పోతుంది.”

అందరూ అటు తిరిగారు. లెన్సాయన టకటకా ఫొటోలు తీశాడు. అప్పుడు బురదలోంచి ఒక గొంతు ఖంగున వచ్చింది.

“ఒరేయ్ చీమిడీ! అది వంకర సూది కాదురా! దాని చెల్లెలు! నెత్తి మీద పాపిడి చూడు. లేచేటప్పుడు గబగబా ఏడుసార్లు కూస్తుంది. మర్చిపోయావట్రా?”

అక్క వాళ్లకి ముప్ఫై గజాల దూరంలో ఉంది. చీర మోకాళ్ల పైకి దోపుకుని, ఒక చేత్తో బుట్ట పట్టుకుని, ఇంకో చెయ్యి పైకెత్తి నవ్వుతోంది. తమ్ముడి పొరపాటు పట్టుకున్నందుకు ఆమెకి భలే సరదాగా ఉంది.

జనంలో ఎవరో ‘చీమిడీనా’ అని కిసుక్కున నవ్వారు. లెన్సాయన కనుబొమలెగరేసి, “ఎవరండీ ఆవిడ? మిమ్మల్నేనా పిలుస్తోంది?” అన్నాడు.

గైడు చెవులు వేడెక్కాయి. నలభై తొమ్మిదేళ్ల మనిషి, తల మీద టోపీ, మెడలో బైనాక్యులరు, జేబు మీద కుట్టిన పేరు. వీళ్లందరి ముందూ చీమిడి!

“ఎవరో గుల్లలు ఏరుకునే ఆవిడండీ,” అన్నాడు. “కాస్త తిక్క మనిషి. ఎవర్ని చూసినా అలాగే అరుస్తుంది. పట్టించుకోకండి.”

మామూలు గొంతుతోనే అన్నాడు. కానీ గాలి వాళ్ల వైపు నుంచి బురద వైపుకి వీస్తోంది. ఎత్తిన అక్క చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత మెల్లగా దిగింది. ఆమె వంగి, బురదలో వేళ్లు పెట్టి, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

లెన్సాయన కెమెరా వెనక చిన్న తెర మీద ఫొటోని పెద్దది చేసి చూస్తున్నాడు. “ఇదిగో, నెత్తి మీద చార ఉందండీ. ఆవిడ చెప్పిందే నిజమేమో?”

“వెలుతురు సరిగ్గా లేదు కదండీ,” అన్నాడు గైడు. “పదండి, ఎండెక్కుతోంది.”

రెండో ఊళ్లో టీ దుకాణం దగ్గర ఆగినప్పుడు లెక్కచూస్తే ఐదుగురే ఉన్నారు. నర్సు లేదు. వెనక్కి వెళ్లబోతుంటే దుమ్ములో మెల్లగా వస్తూ కనిపించింది. సైకిల్ స్టాండు వేసి, టీ గ్లాసు తీసుకుని, అతని పక్కనే బల్ల మీద కూర్చుంది.

“కంగారు పెట్టానా? ఆ గుల్లలావిడతో కాసేపు మాట్లాడానండీ.”

ఆమె టీ ఒక గుక్క తాగింది.

“ముప్ఫై ఎనిమిదేళ్లు వార్డుల్లో చేశాను. తిక్క ఎవరికుందో ఎవరికి లేదో కాస్త పోల్చుకోగలను. ఆవిడకేం లేదు. అక్కడున్న ఒక్కో పిట్టా ఆవిడకి ఇంట్లో మనిషిలా తెలుసు. మీకూ ఆవిడకీ ముక్కు ఒకటే, నుదురు ఒకటే. అందుకే అడిగేశాను, ‘ఆ గైడు మీకేమైనా అవుతాడా’ అని.”

“ఏమంది?” అన్నాడు.

“‘అబ్బే, నాకేమవుతాడమ్మా. ఆయన చదువుకున్న మనిషి. నేనే కాస్త తిక్కదాన్ని, ఎవర్ని చూసినా మావాడే అనుకుంటాను. ఆయన్నేమీ అనుకోవద్దని మీవాళ్లకి చెప్పండి’ అంది.”

నర్సు గ్లాసు కింద పెట్టి అతని మొహంలోకి ఒకసారి చూసింది. ఇంకేం అడగలేదు. నాలుగు మాటలు తిట్టి ఉంటే అతనికి ప్రాణం కుదుటపడేది. ఆమె లేచి, గ్లాసు కడిగే తొట్టి దగ్గర పెట్టి, అందరికన్నా ముందుగా సైకిలెక్కింది.

మిగిలిన దారంతా అతను వెనకే తొక్కాడు. దారిలో బాబాయి రెక్కలారేసుకుంటూ కనిపించాడు. ఎవరో చూపించి పేరడిగితే, పుస్తకంలో ఉన్న పేరు చెప్పి ఊరుకున్నాడు.

ఇంటికి రాగానే భార్య మందు గొట్టం ఒకటి చేతికిచ్చింది. “వదిన మోకాళ్లకి రాసుకోడానికి అడిగింది. నాకు కుట్టుపని చాలా ఉంది, నువ్విచ్చి రా. పొద్దున కనిపించిందా?”

“కనిపించింది.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది,” అన్నాడు. భార్య కుట్టుమిషను మీంచి తలెత్తి చూసింది. అప్పటికే అతను గుమ్మం దాటేశాడు.

అక్కది ఒకటే గది, ముందు రేకుల పంచ. బావ పోయాక మంచం కూడా పంచలోకి మార్చుకుంది. లోపలంతా బుట్టలూ తొట్లూ. అతను వెళ్లేసరికి పీట మీద కూర్చుని, తొట్టిలో గుల్లలు కడుగుతోంది. చేతివేళ్ల మీద గుల్లల అంచులు కోసిన గీతలు, నీళ్లలో నాని తెల్లగా ఉన్నాయి.

“రా రా. అక్కడ కాదు, ఇటు కూర్చో, ఇటైతే గాలొస్తుంది,” అంది.

మందు గొట్టం ఇచ్చాడు. కూర్చున్నాడు. తొట్టిలో గుల్లలు గలగలలాడుతున్నాయి.

“అక్కా, పొద్దున...”

“పొద్దున నీళ్లు తొందరగా తీశాయిరా. రెండు బుట్టలు దొరికాయి. నెల రోజుల్లో ఇన్ని దొరకలేదు.”

“అది కాదు. నేనన్న మాట...”

“నువ్వేమన్నావ్? నాకీ మధ్య చెవులు సరిగ్గా వినపడట్లేదు. గాలి కూడా ఉంది.” తొట్టిలో నీళ్లు వంపేసి, మళ్లీ కొత్త నీళ్లు పోసింది. “మీ ఆవిడకి నడుంనొప్పి తగ్గిందా? అస్తమానం ఆ మిషను ముందు కూర్చోవద్దని చెప్పు.”

రెండు ఫర్లాంగుల దూరంలో కూసిన పిట్టని కళ్లు మూసుకుని చెప్పగల మనిషికి చెవులు వినపడకపోవడమేమిటి? పొద్దున నర్సు ముందు ఒకసారి కాపాడింది. ఇప్పుడు అతనెదుట అతన్నే కాపాడుతోంది. ‘తప్పయిపోయింది’ అన్న చిన్నమాట గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంది. అక్క చెవులు వినపడవంటే, ఆ మాట ఎవరికి చెప్పాలి? కాసేపు గుల్లలవైపు చూసి, వెళ్లొస్తానని లేచాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు అతను గట్టు దారి పట్టలేదు. పోటు ఎక్కువగా ఉందనీ, గట్టు కోసుకుపోయిందనీ మనుషుల్ని లోపలి రోడ్డున తిప్పాడు. వాళ్లకి పిట్టలు తక్కువ కనిపించాయి. మేడమ్ అడిగితే ఆమెకీ అదే అబద్ధం చెప్పాడు. ఒక సిగ్గుమాలిన మాటని దాచడానికి ఎన్ని మాటలు కావాలో లెక్కపెట్టుకుంటూ తొక్కినట్టుండేది ఆ రోజుల్లో.

పన్నెండో రోజు ఇక తట్టుకోలేకపోయాడు. ఎనిమిదిమందిని నేరుగా గట్టు మీదికి తీసుకొచ్చాడు. అక్క బురదలోనే ఉంది. సైకిల్ దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“మీకు దారంతా పిట్టల పేర్లు చెప్పాను. అవేవీ నావి కావు. అదిగో, ఆవిడ మా అక్క. నన్ను చంకనేసుకుని ఈ బురదలో తిప్పుతూ ఆవిడే పెట్టింది. నాకు తెలిసిందంతా ఆవిడదే. మొన్న ఇక్కడే నిలబడి, అందరి ముందూ, ఆవిడెవరో నాకు తెలీదన్నాను. తిక్క మనిషన్నాను.”

వచ్చినవాళ్లు మంచివాళ్లు, కదిలిపోయారు. ఒకాయన చప్పట్లు మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. ఆ చప్పుడికి చాడీల పిన్ని ముందు అరిచింది, వెంటనే బురద మీదున్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశమంతా రెక్కలు. ఐదు నిమిషాల్లో అక్కడ ఒక్కటీ మిగల్లేదు. అక్క నడుమెత్తి చూడలేదు. ఇంకా దూరంగా, నీటి అంచు వైపు, బుట్ట ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అతనే వెళ్లాడు. ఈసారి అక్క కూర్చోమనలేదు.

“ఏంట్రా ఆ నాటకం?”

“నాటకం కాదక్కా. నిజమే చెప్పాను కదా.”

“చెప్పావ్. నీ మనసు తేలికపడింది. నాకేమైంది? ముతక బట్టల్లో, ఒళ్లంతా బురదతో ఉన్నదాన్ని ఎనిమిదిమందికి వేలెత్తి చూపించావ్. చప్పట్లు కొట్టించావ్. నేనేమన్నా ఆడించే కోతినా? పొద్దున్నే వచ్చిన పిట్టల్ని తిండి కూడా తిననివ్వకుండా లేపేశారు.”

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఆ రోజు వినపడిందిరా,” అంది అక్క, గొంతు తగ్గించి. “బాగానే వినపడింది. నువ్వు తిక్కదన్నందుకు కాదు. ‘ఎవరో’ అన్నావు చూడు, అదీ... ఆ రోజు ఇంటికెలా వచ్చానో నాకే తెలీదు. సరేలే, నలుగురిలో చీమిడీ అని పిలిచాను, నాదీ తప్పే అనుకున్నా.”

“నీ తప్పేం లేదక్కా.”

“లేదని నాకూ తెలుసు. అయినా అనుకున్నా.” పైటకొంగుతో చేతులు తుడుచుకుంది. “నీ సిగ్గు నువ్వు మొయ్యి. నన్ను నడిబురదలో నిలబెట్టి, సగం నన్ను మొయ్యమనకు.”

అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పయిపోయిందని అప్పుడన్నాడు. అక్క ఊఁ అంది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

“నన్నేం చెయ్యమంటావ్?” అని అడిగాడు.

“మనుషుల్ని ఆ దూరపు రాళ్ల కట్ట దగ్గరే ఆపు. గట్టు మీదికి తేకు. పేర్లు వాడుకో, పేర్లకేం, అరిగిపోతాయా? ‘నేను’ అనడం మానెయ్, చాలు.”

మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్లి, కరపత్రంలో ఆ వాక్యం తీసేయమన్నాడు. ఇప్పుడే వేయించాం కదా, అయిపోయాక చూద్దాం అంది. బల్ల మీదున్న కట్టలన్నీ తీసుకుని, వసారాలో కూర్చుని, ఒక్కో కాగితం మీదా ‘ఎవరి దగ్గరా నేర్చుకోకుండా’ అన్న చోట నల్లసిరాతో గీత గీశాడు. మూడు పెన్నులు అయిపోయాయి. మేడమ్ చూసి, నీకేమైనా తిక్కా అంది. ఆ మాట ఆమె నోట మామూలుగానే వచ్చింది, అతను మాత్రం తల దించుకున్నాడు.

రాళ్ల కట్ట దగ్గర్నుంచి పిట్టలు చిన్నగా కనపడతాయి. కొందరు ఇంకొంచెం దగ్గరికి వెళ్దామంటారు. కుదరదండీ అంటాడు. పేర్లు ఎవరివని అడిగితే మా అక్కవి అంటాడు. ఆవిణ్ణి చూడొచ్చా అంటే, పనిలో ఉంటుందండీ అంటాడు. ‘మా అక్క’ అన్నప్పుడల్లా, ఆ మాట ఐదేళ్ల కిందట ఎంత తేలిగ్గా అనగలిగేవాడో గుర్తొచ్చి, మొహం పక్కకి తిప్పుకుంటాడు.

సోమవారాలు సైకిళ్లకి సెలవు. ఒక సోమవారం చెప్పాపెట్టకుండా బురదలోకి వెళ్లాడు. అక్క ఏమీ అనలేదు, ఒక ఖాళీ బుట్ట అతని వైపు తోసింది. గంటసేపు ఏరి తెచ్చి చూపిస్తే, సగానికి పైగా తీసి పారేసింది.

“ఇవి చచ్చినవిరా. లోపల బురదే. గుల్ల నోరు మూసుకుని ఉందో లేదో చూసుకోవాలి.”

ఆ తర్వాత సోమవారాలు అలా అలవాటయ్యాయి. పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. నాలుగో వారమో ఐదో వారమో, దగ్గర్లోనే ఎర్ర మేజోళ్లు రెండు వాలాయి. అక్క నడుం పట్టుకుని, కళ్లు చిట్లించి అటు చూస్తోంది. అలవాటు కొద్దీ అతని మెడలోనే ఉంది బైనాక్యులరు. తీసి ఆమె చేతికిచ్చాడు. ఎలా పట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. తలకిందులుగా పట్టుకుంది. అతను తిప్పి, తాడు మెడలో వేసి, మధ్యనున్న చక్రాన్ని ఆమె వేలితో తిప్పించాడు.

“ఓయమ్మా!” అంది అక్క. “దీని కళ్లు కూడా ఎర్రగానే ఉంటాయట్రా!”

చిన్నప్పట్నుంచీ ఎరిగిన పిట్ట. దాని నడక, కూత, గూడు, పిల్లల్ని నడిపించే తీరు అన్నీ తెలుసు. కళ్ల రంగు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ దూరం నుంచి ఎవరికి మాత్రం కనపడుతుంది?

ఈ వస్తువు అతని మెడలోకి వచ్చి నాలుగేళ్లు. ముక్కూ మొహం తెలియని వందలమంది కళ్లకి పెట్టి, వాళ్లకి కనపడేదాకా చక్రం తిప్పి, కనపడిందాండీ అని అడిగాడు. అక్క ప్రతిరోజూ పొద్దున ఇదే బురదలో ఉంది. ఆమెకి ఒక్కసారి చూపిద్దామని ఒక్కరోజైనా అతనికి తోచలేదు. ‘ఎవరో’ అన్న మాటైనా ఒక్కరోజు నోరు జారినది. ఇది నాలుగేళ్ల పాటు రోజూ చేసిన పని.

“అక్కా...” అన్నాడు.

“ఉండరా, మాట్లాడకు,” అంది ఆమె, కళ్లు తియ్యకుండానే. “నీటి పోటు మొదలవుతోంది. నువ్వు ఏరు, నేను కాసేపు చూస్తాను.”

అతను వంగి, బురదలో చెయ్యి పెట్టాడు.